బాధ్యుడి చిరునామా

గడియారాల మెకానిక్‌ను కాల్చడానికి వచ్చినవాడు ముందు తన వాచీకి కొత్త బెల్టు వేయించుకున్నాడు.

మెకానిక్ తొందరపడే మనిషి కాడు. కంటికి భూతద్దం బిగించుకుని, పాత పిన్ను ఊడదీసి, తోలు బెల్టు ఎక్కించి, కస్టమర్ మణికట్టుకు తానే కట్టి చూశాడు. "ఇంకో కన్నం లోపలికి పెట్టుకోండి సార్. వదులైతే అద్దం ఎక్కడో ఓ చోట తగులుతుంది" అని సలహా కూడా చెప్పాడు. కస్టమర్ థాంక్స్ చెప్పి జేబులో చెయ్యి పెట్టాడు. పర్సు వస్తుందనుకుంటే సైలెన్సర్ బిగించిన పిస్టల్ వచ్చింది.

"మీ కంపెనీవాళ్ళకు మా నమస్కారాలు చెప్పు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మెకానిక్ కిందపడ్డ పాత పిన్ను కోసం వంగాడు. గోరంత వస్తువు కూడా పారేసుకోని పిసినారితనం అతనిది. పెళ్ళాం రోజూ ఎగతాళి చేసే ఆ గుణమే అతన్ని కాపాడింది. గుండెకు గురిపెట్టిన బుల్లెట్ భుజంలో దిగింది. పక్క దుకాణం షట్టర్ పెద్ద చప్పుడుతో పైకి లేవడంతో, వచ్చినవాడు రెండోసారి కాల్చకుండా వీధిలోకి నడిచి జనంలో కలిసిపోయాడు. బెల్టు డబ్బులు కూడా ఇవ్వలేదు.

అప్పటికి ఉదయం షాపులు తెరిచే వేళ.

* * *

"కూర్చో" అన్నాడు పెద్దాయన.

తాబేలు కూర్చున్నాడు.

"మీ బావను కాల్చారు."

తాబేలు లేచాడు.

"కూర్చోమన్నానా? బతికే ఉన్నాడు. ఆపరేషన్ అయింది. మీ అక్క దగ్గరే ఉంది."

తాబేలు మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దాయన ఒక గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు చీఫ్. బయట గోడకు 'తూనికలు, కొలతల శాఖ' అని బోర్డు ఉంటుంది. లోపల ఉన్నవాళ్ళకు పులి, డేగ, నాగు అని కోడ్‌నేములు. ఒక్క మన కథానాయకుడికి మాత్రం తాబేలు అని పెట్టారు. పేరు పెట్టినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. మూడంతస్తులు ఎక్కితే ఆయాసం, పిస్టల్ పట్టుకుంటే చెమట. కానీ ప్రోగ్రాం రాయడంలో అతన్ని మించినవాడు డిపార్ట్‌మెంట్‌లో లేడు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా అతనికే తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఆ గడియారాల షాపు మనదని తెలిసినవాళ్ళెవరు?" పెద్దాయన బ్లేడుతో పెన్సిల్ చెక్కుతున్నాడు. ఆలోచన ముదిరినప్పుడు ఆయన పెన్సిల్ చెక్కుతాడు. ఇవాళ టేబుల్ మీద పొట్టు కుప్పగా ఉంది. "మీ ఇంటివాళ్ళను పక్కన పెడితే నేను, నువ్వు, హంస. నేను చెప్పలేదు. నువ్వు చెప్పలేదు."

హంస సరిహద్దు అవతలి ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె ఏ హాల్లో అడుగుపెట్టినా మాటలు ఆగి, తలలు తిరుగుతాయి. ముఠావాళ్ళు ఆమె తమ మనిషి అనుకుంటారు. ఆమెను పంపించే ముందు కొన్నాళ్ళు కంప్యూటర్ పని నేర్పింది తాబేలే. ఆమె అతన్ని 'మాస్టారూ' అని పిలిచేది. అలా పిలిచిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే.

"హంస అలాంటిది కాదు సార్."

"కాకపోతే లీకు ఇంకెక్కడుంది? నీ ప్రోగ్రాంలో ఉందా?"

"నా ప్రోగ్రాంలోనా? ఛాన్సే లేదు సార్." జవాబు తన్నుకుంటూ వచ్చేసింది. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ సాయంత్రందాకా అతను అనుకుంటూనే ఉన్నాడు.

"అదీ నా నమ్మకం" అన్నాడు పెద్దాయన. అంటే మిగిలింది హంసే. ఆ మాట తాబేలుకు ముల్లులా గుచ్చుకుంది. "హంస అర్జెంటుగా కలవాలని కబురు పెట్టింది. మధ్యాహ్నం రెండున్నరకు స్టేషన్ ఎదుట హోటల్ లాంజ్‌లో. ఆమె మొహం ఎరిగినవాడివి నువ్వే. వెళ్ళు. కళ్ళజోళ్ళ సేల్స్‌మన్ వేషం. మాటల్లో పెట్టి ఎంతవరకు అమ్మిందో లాగు. తేలిపోయాక నీ కళ్ళద్దాలు తియ్యి. మిగతాది డాక్టరు చూసుకుంటాడు."

డాక్టరు అసలు డాక్టరు కాడు. మందుల సంచీతో తిరుగుతాడని ఆ పేరు. అతని సంచీలో ఉండేవాటితో ఏ జబ్బూ నయం కాదు.

"నేను అద్దాలు తియ్యకపోతే?"

"మూడింటిదాకా ఆగుతాడు. మూడు కొట్టాక నీ కళ్ళద్దాలతో పని లేదు. డాక్టరు డ్యూటీలో ఫోను పెట్టుకోడు, తెలుసుగా? మధ్యలో ఆపుదామన్నా కుదరదు."

* * *

తాబేలు గది కింది అంతస్తులో, పాత కుర్చీలు పడేసిన స్టోర్‌రూం పక్కన. తలుపు గడియ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తన ప్రోగ్రాంలో తప్పు లేదని రుజువు చేసుకుందామనే కూర్చున్నాడు పాపం.

డిపార్ట్‌మెంట్ ఏజెంట్లు బావతో కలిపి ఏడుగురు, ఏడు ఊళ్ళలో దొంగపేర్లతో ఉంటారు. ప్రతి ఒక్కరి గోడ మీదా ఒక మామూలు గడియారం. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ గడియారం ఇంటర్నెట్‌లో ఒక డొమైన్‌ పేరు చెప్పి, 'ఇవాళ నేను ఏ చిరునామాకు కబురు పంపాలి?' అని అడుగుతుంది. జవాబు రాగానే ఏజెంట్ ఎక్కడున్నాడో, క్షేమమో కాదో ఆ చిరునామాకు చెప్పేస్తుంది. ఇంకే దారీ లేదు. ఏజెంట్లకు ఫోను చెయ్యకూడదు, ఉత్తరం రాయకూడదు. ఆ డొమైన్ వివరాలన్నీ కలిపి జోన్ అంటారు. ఆ జోన్‌ను తయారుచేసే ప్రోగ్రాం తాబేలు రాసింది.

ప్రతి జోన్‌కూ నెత్తిన ఒక అధికార రికార్డు ఉంటుంది. అసలు సర్వర్ ఏది, బాధ్యుడెవరు, ఆయన మెయిల్ ఏమిటి, ఇప్పుడు నడుస్తున్న కాపీ నంబరెంత అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఎవరడిగినా కాదనకుండా చదివి వినిపిస్తుంది. కాబట్టి గూఢచారి జోన్‌లో బాధ్యుడి దగ్గర ఊరూపేరూ లేని దొంగ మెయిల్ పెట్టాలి. అది డిపార్ట్‌మెంట్ రూలు. ఆ రూలు రాసిందీ తాబేలే.

గడియారాల జోన్‌ రికార్డు అడిగాడు. స్క్రీన్ మీద వచ్చింది.

బాధ్యుడి స్థానంలో అతని సొంత మెయిల్ ఉంది.

ఇంకో జోన్ అడిగాడు. బావ షాపుకు వెబ్‌సైట్ కావాలని అక్క పోరుపెడితే, ఓ సెలవు రోజున అదే ప్రోగ్రాంతో చేసిపెట్టాడు. అందులోనూ అదే మెయిల్. రెండు జోన్లకూ బాధ్యుడు ఒకడే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగిన ఏ బడుద్ధాయికైనా గడియారాల షాపుకూ రహస్య జోన్‌కూ చుట్టరికం ఉందని తెలిసిపోతుంది.

ప్రోగ్రాం తెరిచాడు. వెతకనక్కర్లేకుండానే దొరికింది. బాధ్యుడి మెయిల్ ఖాళీగా వదిలితే ఏం వెయ్యాలో చెప్పే వరుస. పరీక్ష కోసమని తన మెయిల్ రాసి పక్కన 'తాత్కాలికం' అని నోట్ పెట్టుకున్నాడు. తరువాత మార్చడం మర్చిపోయాడు. గడియారాల జోన్ చేసిన రోజు దొంగ మెయిల్ పెట్టాల్సిన గడిని ఖాళీగా వదిలిందీ తనే. ఆ రికార్డులో మెయిల్‌ను '@' గుర్తు తీసేసి చుక్కతో రాస్తారు. చూడడానికి ఇంకో సైటు పేరులా ఉంటుంది. అందుకే తనిఖీకి వచ్చినవాళ్ళ కళ్ళు దాని మీదుగా జారిపోయాయి. వాళ్ళను అనడానికి లేదు. వాళ్ళకు ఆ తనిఖీ నేర్పింది ఎవరో చెప్పుకుంటే ఇంకా సిగ్గుచేటు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి ఆ మెయిల్.

కొన్ని వారాల కిందట, ముక్కూమొహం తెలియని మనిషెవరో రాశాడు. 'మీ జోన్ రికార్డులు చూశాను. ఇంత పొందికగా రాసేవాళ్ళు ఈ రోజుల్లో లేరు. మీరు కళాకారులు. మీ ప్రోగ్రాం నడిచే తీరు ఒక్కసారి చూపిస్తే నా జన్మ ధన్యం.' తాబేలు ఆ మెయిల్‌ను ఎన్నిసార్లు చదువుకున్నాడో అతనికే తెలుసు. తన రికార్డులు ఇతను ఎక్కడ చూశాడు, ఈ మెయిల్ ఇతనికి ఎలా దొరికింది అన్న ప్రశ్న మనసులోకే రాలేదు. పొగిడినవాణ్ణి అలాంటివి అడుగుతామా? ప్రోగ్రాం నడిచినప్పుడు అది రాసుకునే లాగ్ మొత్తం జతచేసి జవాబిచ్చాడు. ఆ లాగ్ మధ్యలో, సర్వర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే తాళంచెవి కూడా ఉందని ఇప్పుడు చూస్తే కనిపించింది.

అదే వారం ఇంకో మెయిల్ కూడా వచ్చింది. మొదటి రెండు వాక్యాలు చదివి, ఒళ్ళు మండి, స్పామ్‌లోకి తోశాడు. ఇప్పుడు స్పామ్ తెరిచి దాన్ని పూర్తిగా చదివాడు.

'తలుపు మీద పేరు రాసుకుని లోపల దాక్కున్న మహానుభావులకు. ఇంత అజాగ్రత్త మనిషిని నేనెక్కడా చూడలేదు. మీ పేరు ఇవాళే చెరిపేయండి. ఇక్కడివాళ్ళు దాన్ని చూశారు. ముల్లు ఆగింది.'

'ముల్లు ఆగింది.' ప్రమాదం ముంచుకొచ్చిందని చెప్పే కోడ్‌వర్డ్. హంసకు అది నేర్పింది తనే. మామూలు దారులన్నీ మూసుకుపోయి, ఆమె దొరికిన ఒక్క చిరునామాకు రాసింది. పొగిడిన శత్రువుకు జవాబిచ్చాడు. తిట్టిన స్నేహితురాలిని చెత్తబుట్టలో వేశాడు.

తాబేలు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. గదిలో ఎవరూ లేకపోయినా తలెత్తాలనిపించలేదు.

చివరికి లేచి, మూడంతస్తులూ ఎక్కి, పెద్దాయన తలుపు తోశాడు. హంస నిర్దోషి అని చెప్పడానికి తన దగ్గరున్న రుజువు అదొక్కటే. ఆ రుజువులోనే తన తప్పు మొత్తం ఉంది. చెప్పేద్దామనే వచ్చాడు. పెద్దాయన ఫోన్లో ఉన్నాడు. "ఇదిగో, నీ తమ్ముడే వచ్చాడమ్మా" అని రిసీవర్ అతని చేతిలో పెట్టాడు.

"తమ్ముడూ" అంది అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "స్పృహలోకి వచ్చాడురా. రాగానే పిన్ను దొరికిందా అని అడిగాడు. పిన్నంట! ఏం మనిషిరా బాబూ..."

"అక్కా..."

"నాకొక్క మాట ఇవ్వు. మీ ఆఫీసులోవాళ్ళే ఎవరో చెప్పేశారట కదా? అదెవరైనా సరే, వదిలిపెట్టకు. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా?"

తాబేలు రిసీవర్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"వింటున్నావా?"

"వింటున్నానక్కా. వదలను."

ఫోను పెట్టేశాక పెద్దాయన తలెత్తాడు. "ఏదో చెప్పడానికొచ్చావు?"

"ఏం లేదు సార్. బయల్దేరుతున్నానని చెబుదామని."

మెట్లు దిగుతున్నంతసేపూ తనను తాను పట్టుకుని నాలుగు వాయించాలనిపించింది అతనికి.

* * *

హోటల్ లాంజ్ నిండా మెత్తటి సోఫాలు, అద్దాల బల్లలు. రిసెప్షన్ పైన గోడకు బండిచక్రమంత గడియారం. తాబేలు కోటు వేసుకుని, జుట్టుకు రంగు వేసుకుని, ఫ్రేముల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలో పై అర తీస్తే కింద లాప్‌టాప్. కోటు ఒకప్పుడు డేగ వేషానికి కుట్టించింది కావడంతో భుజాల దగ్గర వేలాడుతోంది. కుండీలో మొక్క పక్కన డాక్టరు కాళ్ళ దగ్గర సంచీ పెట్టుకుని పళ్ళరసం తాగుతున్నాడు.

హంస వచ్చింది. ఎప్పటిలాగే తలలు తిరిగాయి. మెడకు నీలం సిల్కు స్కార్ఫ్, నల్లకళ్ళద్దాలు, నడకలో ఎక్కడా తొందర లేదు. దగ్గరికొచ్చి ఆ అద్దాలు తీశాక మాత్రం తెలిసింది, ఆమె నిద్రపోయి చాలా రోజులైందని.

"గుండ్రటి ఫ్రేములున్నాయా?" అని అడిగింది.

"గుండ్రటివన్నీ చంద్రుడు తీసుకెళ్ళిపోయాడు" అన్నాడు తాబేలు. ఈ కోడ్ వాక్యం కట్టింది కూడా అతనే. పైకి చెప్పేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె ఎదురుగా కూర్చుని ఒక ఫ్రేము చేతిలోకి తీసుకుంది. "మాస్టారూ, మీ బావగారు ఎలా ఉన్నారు?"

"బతికాడు."

హంస కళ్ళు మూసుకుని తెరిచింది. "నా వల్లే ఇదంతా. రికార్డులో మీ పేరు చూసి ఆ రోజే మెయిల్ పంపాను. మర్నాడు చూస్తే పేరు అలాగే ఉంది. తప్పు చిరునామాకు పంపానేమో, మీదాకా రాలేదేమో అని రోజూ ఏడ్చాను. ఇంకో దారి వెతికి ఉండాల్సింది. ఇవాళ కబురు పెట్టేదాకా ఆ దారి దొరకలేదు."

తాబేలుకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఈ మనిషి ప్రాణాలకు తెగించి హెచ్చరించి, చివరికి తప్పు తన మీదే వేసుకుంటోంది. చెమటకు కళ్ళద్దాలు ముక్కు మీదకు జారాయి. తుడుచుకుందామని అలవాటుగా చెయ్యి పైకి లేచింది. మొక్క పక్కన డాక్టరు గ్లాసు కింద పెట్టి, సంచీలో చెయ్యి పెట్టాడు.

తాబేలు చప్పున అద్దాల్ని పైకి తోసుకుని చెయ్యి దించేశాడు.

"వచ్చింది" అన్నాడు.

"ఏమిటి?"

"మీ మెయిల్. అదే రోజు వచ్చింది. నేనే..."

హంస అతని మొహం వంక చూసింది. అడగాల్సింది ఏమీ మిగల్లేదని ఆమెకు అర్థమైంది. చేతిలో ఫ్రేమును మెల్లగా పెట్టెలో పెట్టేసింది.

"ఏడుపులు తరువాత" అంది. గొంతు మారిపోయింది. "ముందు పని వినండి. మీ తాళంచెవి వాళ్ళ దగ్గరుంది. ఇవాళ పొద్దున్న మీ అసలు సర్వర్‌లా నటించి, ఊరూరా జోన్ కాపీతో జవాబులిచ్చే మీ సెకండరీ సర్వర్లన్నిటికీ దొంగ కాపీ ఎక్కించేశారు. మూడింటికి, మీ బావగారిది పోగా మిగిలిన ఆరు గడియారాలూ చిరునామా అడిగితే ముఠా చిరునామా వస్తుంది. ఆరుగురూ తామెక్కడున్నారో నేరుగా వాళ్ళకే చెప్పేస్తారు. సాయంత్రానికల్లా ఆరుగురికీ కొత్త బెల్టులు వేయిస్తారు."

"నేను సరైన కాపీ మళ్ళీ ఎక్కిస్తా."

"ఎక్కదు. పాత కాపీ కన్నా పెద్ద నంబరున్న కాపీనే సెకండరీలు తీసుకుంటాయని నేర్పింది మీరేగా? వాళ్ళు పెట్టిన నంబరు..." ఆమె ఫ్రేముకు బేరమాడుతున్నట్టు కాగితం మీద రాసింది. 4294967295.

నాలుగువందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండువందల తొంభై ఐదు. ఆ రికార్డులో పట్టే నంబర్లలో ఇదే ఆఖరిది. ఇంతకన్నా పెద్దది రాయడానికి చోటే లేదు.

"దీన్ని మించిన నంబరు ఆ మీ కళాకారుడు ఎక్కణ్ణించి తెస్తాడో చూద్దామని అక్కడ నవ్వుకుంటున్నారు" అంది హంస.

కళాకారుడు. ఆ మాట చెంపమీద కొట్టినట్టుంది. తాబేలు తలెత్తలేక పక్కకు చూశాడు. చూపు గోడ గడియారం మీద పడింది. మూడుకు ఇంకా కాస్త టైముంది. పెద్ద ముల్లు పన్నెండు వైపు పాకుతోంది. పన్నెండు దాటితే మళ్ళీ ఒకటి.

అతను కుర్చీలో ముందుకు జరిగాడు.

"గడియారంలో పన్నెండు తరువాత ఎంత?"

"మాస్టారూ, ఇది పాఠాల టైమా?"

"ఒకటి! పదమూడు కాదు, ఒకటి. ఈ నంబర్లూ అంతే. గుండ్రంగా తిరుగుతాయి. ఆఖరి నంబరు తరువాత మళ్ళీ మొదటికి వస్తాయి. సెకండరీల లెక్కలో ఆ కొండంత నంబరు కన్నా ఒకటే పెద్దది."

పెట్టె పై అర తీసి, లాప్‌టాప్ తెరిచి, డిపార్ట్‌మెంట్ అసలు సర్వర్‌కు కలిపాడు. సరైన చిరునామాలతో జోన్ సిద్ధంచేసి, కాపీ నంబరు దగ్గర 1 కొట్టాడు. ప్రోగ్రాం ఎర్రక్షరాలతో అడ్డుపడింది. 'కొత్త నంబరు పాత నంబరు కన్నా చిన్నది. అనుమతి లేదు.'

అడ్డుపడింది అతని ప్రోగ్రామే. రెండు నంబర్లలో పెద్దదేదో పలక మీద లెక్కలా చూసే వరుస ఒకటి అందులో రాసిపెట్టాడు. దాని పైన అతను గర్వంగా పెట్టుకున్న ఒక నోట్. 'ఈ వరుస పర్‌ఫెక్ట్. ఎవరూ ముట్టుకోవద్దు.'

హంస లాప్‌టాప్‌ను తన వైపుకు సగం తిప్పి చదివింది.

ఆ వరుసనూ, దాని నెత్తినున్న నోట్‌నూ కలిపి చెరిపేశాడు. ప్రోగ్రాం నడిపాడు. కొత్త కాపీ వచ్చిందని సెకండరీలన్నిటికీ కబురు వెళ్ళింది. మొదటిది తీసుకుంది. రెండోది తీసుకుంది. మిగతావి నిదానంగా ఆలోచిస్తున్నాయి.

"ఎక్కుతోంది!" అంది హంస. ఆ క్షణంలో ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. వెనక డాక్టరు పళ్ళరసం ఖాళీచేసి, మూతి తుడుచుకుని, సంచీ చేతిలోకి తీసుకోవడం ఆమెకు కనిపించలేదు. తాబేలుకు కనిపించింది.

జోన్ సర్దుకుంటోంది. కానీ హంస మీద పడ్డ అనుమానాన్ని చెరిపేసే ప్రోగ్రాం ఏదీ లేదు. దానికి నోరు విప్పాల్సిందే. అతను ఫోను తీసి పెద్దాయన నంబరు నొక్కాడు.

"చెప్పు. తేలిందా?"

"తేలింది సార్. లీకు హంస కాదు. నేను."

అవతల పెన్సిల్ చెక్కే చప్పుడు ఆగిపోయింది.

"బాధ్యుడి దగ్గర నా మెయిల్ వదిలేశాను సార్. మా బావ షాపు జోన్‌లోనూ అదే. వాళ్ళు రెండూ కలిపి చూసుకున్నారు. హంస హెచ్చరిస్తూ మెయిల్ రాస్తే తిట్టిందని స్పామ్‌లో పడేశాను. పొద్దున మీరడిగినప్పుడు లేదన్నాను. తరువాత చూసుకున్నాను. చూసుకునీ చెప్పలేదు. అక్కకు మాటిచ్చి మరీ చెప్పలేదు." పక్క సోఫాలో దంపతులు మాటలాపి వింటున్నారు. విననీ అనుకున్నాడు.

"తాళంచెవి?" పెద్దాయన గొంతు రాయిలా ఉంది. "అదెలా పోయింది?"

ఇదొక్కటీ చెప్పకుండా తప్పించుకోవచ్చేమో అన్న ఆశ ఇంతసేపూ లోపల ఓ మూల ఉండనే ఉంది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నేనే పంపాను సార్. పొగిడారు. పొగిడితే జవాబిచ్చాను."

అవతల ఒక్క నిట్టూర్పు. "ఫోను డాక్టరుకివ్వు. పరుగెత్తు!"

డాక్టరు అప్పటికే హంస కుర్చీ వెనక్కి వచ్చేశాడు. సంచీ జిప్పు సగం తెరిచి ఉంది. తాబేలు పరుగెత్తాడు. అద్దాల బల్ల తగిలి ఫ్రేముల పెట్టె బోర్లాపడింది, ఫ్రేములన్నీ నేలపాలయ్యాయి, డేగ కోటు కుట్లు భుజం దగ్గర పర్రున చిరిగింది. గోడ గడియారం మూడు కొట్టడం మొదలుపెట్టేసరికి అతను ఫోనును డాక్టరు చెవికి ఆనించి పట్టుకుని, ఆయాసంతో రొప్పుతున్నాడు.

డాక్టరు విన్నాడు. "సరే" అన్నాడు. జిప్పు మూసేశాడు. వంగి నేలమీద నుంచి ఒక ఫ్రేము ఏరుకుని పెట్టి చూసుకుని, "నా దగ్గరి చూపు కాస్త మందగించింది. ఇవి ఎంతండీ?" అని అడిగాడు.

"ఉంచుకోండి" అన్నాడు తాబేలు.

లాప్‌టాప్‌లో ఆఖరి సెకండరీ కూడా కొత్త కాపీ తీసుకుంది. గడియారాలు ఒక్కొక్కటే సరైన చిరునామాకు కబురు పంపాయి. క్షేమం. క్షేమం. వానగా ఉంది, క్షేమం. అలా ఆరు వచ్చాయి. ఏడో వరుస ఖాళీగా ఉండిపోయింది. పోలీసులు కరెంటు తీసేసి సీలు వేసిన దుకాణంలోని గడియారం అది. దాని వంక చూడలేక తాబేలు లాప్‌టాప్ మూసేశాడు.

హంస లేచి స్కార్ఫ్ సర్దుకుంది. మళ్ళీ ముఠాలోకి వెళ్ళే పని లేదు. డాక్టరే ఆమెను వెనక దారిన తీసుకెళ్ళి కారెక్కించాలని పెద్దాయన ఆర్డర్.

"నన్ను చంపడానికి వచ్చింది అతనేనా?" అని అడిగింది నెమ్మదిగా.

తాబేలు తలూపాడు.

"ఇందాక మీరు అద్దాలు తీయబోయి, అతని వంక చూసి పైకి తోసుకున్నారు. గమనించాను." నల్లకళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "పొద్దున్నే చెప్పి ఉంటే ఆయన పళ్ళరసం డబ్బులైనా మిగిలేవి మాస్టారూ."

ఆమె వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. మాస్టారూ అని మాత్రం అంది. తాబేలు నేలమీద మోకరిల్లి ఫ్రేములు ఏరుకున్నాడు.

* * *

అక్కకు చెప్పడం హోటల్లో చెప్పినదానికన్నా కష్టమైంది. ఆసుపత్రి వార్డులో, బావ మంచం పక్కన నిలబడి, ఏదీ దాచకుండా చెప్పాడు. పొగడ్తల సంగతి చెప్పేటప్పుడు బావకు నవ్వొచ్చి భుజం కుట్లు లాగాయి. "కళాకారుడు! అబ్బ... నవ్వించకురా..." అని మూలిగాడు. "ఆ మెయిల్ ఏమిట్రా, నేనూ ఓ ముక్క రాసి పడేస్తా."

అక్క నవ్వలేదు. తిట్టలేదు కూడా. తిడితే బాగుండునని తాబేలు ఎదురుచూశాడు. ఆమె మందుల చీటీ తీసుకుని, అతని పక్కనుంచే నడిచి బయటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత అతను ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు.

డిపార్ట్‌మెంట్ అతన్ని తీసెయ్యలేదు. పెద్దాయన తీసేస్తానని కేకలైతే వేశాడు కానీ, కొత్త తాళంచెవులతో కొత్త జోన్ కట్టడానికి ఇంకో మనిషి లేడు. కొత్త జోన్‌లో బాధ్యుడి దగ్గర ఊరూపేరూ లేని దొంగ మెయిల్ ఉంది. పాత జోన్‌ను మాత్రం ఖాళీ గూడులా అలాగే ఉంచారు. దాని రికార్డులో తాబేలు మెయిల్‌నూ చెరపలేదు.

"ఉండనీ" అన్నాడు పెద్దాయన. "ముఠావాళ్ళు మళ్ళీ తలుపు తడతారు. ఎవరు ఏం రాసినా చదివి నాకు చూపించడం ఇకనుంచి నీ డ్యూటీ. పొగిడితే ముందు నాకు చెప్పు."

అప్పట్నుంచి తాబేలు రోజూ ఆ ఉత్తరాలు చదువుతున్నాడు. మహానుభావా అని మొదలయ్యేవి వెంటనే పెద్దాయనకు పంపిస్తాడు. తిట్టేవి మాత్రం ఒకటికి రెండుసార్లు చదువుతాడు, వాటిలో ఎక్కడైనా ముల్లు ఆగిందేమోనని.

ఒకరోజు ఈ ఉత్తరం వచ్చింది.

'బాధ్యుడు గారికి. ఈ చిరునామా మీ బావ పురమాయిస్తే నర్సమ్మ కంప్యూటర్‌లో వెతికి తీసిచ్చింది. ఆయన్ని ఆదివారం ఇంటికి పంపిస్తున్నారు. నిన్ను పిలవమని ఒకటే గొడవ. ఆయన పిలుస్తున్నాడు, నేను పిలవడం లేదు. వచ్చేటప్పుడు ఆ పిన్ను ఎక్కడుందో షాపులో వెతికి తీసుకురా. మధ్యాహ్నం భోజనానికి. ఆలస్యం చేశావంటే ఊరుకోను.'

పొగడ్త ఒక్కటి కూడా లేకపోవడంతో సిస్టమ్ దాన్ని స్పామ్‌లో పడేసింది. తాబేలు ఈమధ్య మొదట తెరిచేది స్పామే.